బరువు కింద ఎవరు గుర్తొచ్చారు?

పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడు నెల్లాళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు. 12 ఏళ్ళవాడు. టీషర్టు మీద స్పైడర్‌మ్యాన్, మంచినీళ్ళ సీసా మీద స్పైడర్‌మ్యాన్. పొద్దున లేచి మంచం దిగేలోపే మధ్య వేళ్ళు రెండూ అరచేతిలోకి మడిచి గోడ మీదికి ఓ సాలెదారం విసిరేవాడు. టామ్ హాలండ్ స్పైడర్‌మ్యాన్‌గా వేసిన సినిమాలు ఎన్నిసార్లు చూశాడో వాడికే లెక్క తెలీదు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటల్లో నేను స్పైడర్‌మ్యాన్‌ని, అంటే పీటర్ పార్కర్‌ని పెంచిన అంకుల్ బెన్ పేరెత్తాను. వాడు పెరుగన్నం కలుపుకుంటూ, "ఆయన ఆ మిగతా ఇద్దరు స్పైడర్‌మ్యాన్ల అంకుల్ కదా మామయ్యా? మన పీటర్‌కి ఆయన లేడుగా" అన్నాడు.

వాడి తప్పేం లేదు. చూసిన సినిమాల్లో ఉన్నదే చెప్పాడు. నాకే ముద్ద దిగలేదు. బెన్ లేని పీటర్ పార్కర్ ఉంటాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ మాట ఎందుకంత గుచ్చుకుందో ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఇన్నాళ్ళకి ఇది రాస్తున్నాను.

సూపర్‌హీరో సినిమాలు కామిక్స్ పాత్రలకు కట్టుబడి ఉన్నాయా లేదా అన్న గొడవ కొత్తది కాదు. 1989 నాటి సినిమాకి బ్యాట్‌మ్యాన్‌గా మైకేల్ కీటన్ పేరు బయటికి రాగానే అభిమానులు వేలకొద్దీ ఉత్తరాలు రాసి స్టూడియో మీద పడ్డారు. అప్పటికి అతను కామెడీ వేషాలకు పేరుపడ్డవాడు. 2000లో ఎక్స్‌మెన్ వచ్చినప్పుడు వుల్వరిన్ ఎత్తు మీద గొడవ. కామిక్స్‌లో అతను 5 అడుగుల 3 అంగుళాల పొట్టివాడు, హ్యూ జాక్‌మన్ 6 అడుగులు దాటిన మనిషి. పైగా పసుపుపచ్చ సూట్ తీసేసి నల్ల తోలు కోటు తొడిగారు. ఆ పసుపు సూట్ ఒంటి మీదికి రావడానికి 2024 దాకా పట్టింది. మధ్యలో 24 ఏళ్ళు జాక్‌మన్ కాని వుల్వరిన్‌ని ఎవరైనా ఊహించుకున్నారా? కోపం, ఆ కోపం వెనకాల మతిమరుపు, మతిమరుపు వెనకాల ఎవరో తన ఒంటి మీద చేసిన ఘోరం, ఇవి మొహంలో కనబడ్డాయి. ఎత్తు సంగతి జనం మర్చిపోయారు.

కాబట్టి ఎత్తు, రంగు, సూట్, జుట్టు, ఈ లెక్కలు నేను పట్టించుకోను. నా కొలత వేరు. అది నాకు ఒక్క బొమ్మలోంచి వచ్చింది.

90ల చివర హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్ళేవాణ్ణి. మూసి ఉన్న షాపుల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉండేవి. ఇంజనీరింగ్ గైడ్ల కింద, విదేశీ వంటల పుస్తకాల కింద ఓరోజు అట్ట ఊడిన లావుపాటి పుస్తకం దొరికింది. అరవైల నాటి స్పైడర్‌మ్యాన్ సంచికలన్నీ కలిపి రంగుల్లేకుండా నలుపు తెలుపుల్లో, న్యూస్‌పేపర్ లాంటి కాగితం మీద వేసినది. మొదటి పేజీ మూల వెండిపురుగులు కొట్టేశాయి. ఎవరిదో పేరు బాల్‌పెన్నుతో రాసి మళ్ళీ గట్టిగా కొట్టేసి ఉంది. బేరమాడి కొని, బస్సులో నిలబడే చదవడం మొదలుపెట్టాను. అందులో 33వ సంచిక ఉంది. 1966 ఫిబ్రవరిది. స్టాన్ లీ మాటలు, స్టీవ్ డిట్కో కథా, బొమ్మలూ.

కథ ఇది. పీటర్‌ని కన్నతల్లిలా పెంచిన ఆంట్ మే ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంది. దానికి కారణం పీటర్ రక్తమే. అంతకుముందు ఆమెకి రక్తం కావాల్సివస్తే తనే ఇచ్చాడు, ఆ రక్తంలోని రేడియోధార్మికత ఇప్పుడు ఆమెని తినేస్తోంది. మందు దొరికింది, కానీ విలన్ డాక్టర్ ఆక్టోపస్ మనుషులు దాన్ని ఎత్తుకుపోయారు. నది అడుగున ఉన్న వాళ్ళ స్థావరంలో పీటర్ ఓ పెద్ద యంత్రం కింద ఇరుక్కుపోయాడు. మందు డబ్బా ఎదురుగా నేల మీదే ఉంది. చెయ్యి చాపితే అందదు. పైకప్పు పగిలి నది నీళ్ళు కారుతున్నాయి. ఒళ్ళంతా అలిసిపోయి ఉంది.

డిట్కో దీన్ని పేజీల కొద్దీ సాగదీశాడు. సాగదీశాడన్న మాట ఇక్కడ పొగడ్తే. పేజీలో బొమ్మల పెట్టెలు చిన్నవిగా మొదలవుతాయి. యంత్రం నల్లగా, బరువుగా పైనంతా పరుచుకుని ఉంటుంది, మనిషి కింద ఒక మూల నలిగి కనిపిస్తాడు. ఒకసారి ఎత్తబోతాడు, కాదు. తల వాలిపోతుంది. అప్పుడు పొగలో తేలినట్టు రెండు ముఖాలు వస్తాయి. ఒకటి ఆంట్ మేది. రెండోది అంకుల్ బెన్‌ది. బెన్ విషయంలో తనవల్ల జరిగినదానికి జీవితాంతం తననే నిందించుకుంటాడు. ఈమె కూడా పోతే అదీ తన తప్పే. ఇంకోసారి అలా జరగనివ్వనని పళ్ళు బిగిస్తాడు. అక్కణ్ణుంచి ఒక్కో పెట్టెలో వీపు కొంచెం లేస్తుంది. పేజీ తిప్పితే పేజీ మొత్తం ఒకటే బొమ్మ: యంత్రం గాల్లో, కింద మనిషి కాళ్ళ మీద నిలబడి. బస్సు నా స్టాప్ దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

ఇప్పుడు 2017 నాటి స్పైడర్‌మ్యాన్ సినిమా హోమ్‌కమింగ్ సంగతి. అందులోనూ ఈ సన్నివేశం ఉంది. విలన్ వల్చర్ గోదాము స్తంభాలు పడగొడతాడు. (ఆ వల్చర్ వేషం వేసింది మైకేల్ కీటనే. అప్పట్లో ఏ మొహం మీద గొడవ పడ్డారో ఆ మొహమే.) పీటర్ కాంక్రీటు కింద ఇరుక్కుంటాడు. నీళ్ళు కారుతుంటాయి. దుమ్ము, చీకటి, వీపు మీద బరువు, అన్నీ డిట్కో బొమ్మలోంచి దింపినట్టే ఉంటాయి. ముందు వాడు సాయం చెయ్యండని ఏడుస్తాడు. 15 ఏళ్ళ పిల్లాడి భయం అది, టామ్ హాలండ్ దాన్ని కడుపులోంచి తెచ్చాడు. తర్వాత నీటిమడుగులో తన సగం మొహం, సగం మాస్కు కనిపిస్తాయి. అప్పుడు గుర్తొస్తుంది. ఎవరు? టోనీ స్టార్క్, అంటే ఐరన్‌మ్యాన్, పీటర్‌కి గురువు. ఈ సూట్ లేకపోతే నువ్వు ఏమీ కానప్పుడు నీకీ సూట్ ఉండకూడదని టోనీ అన్న మాట. ఆ మాట పట్టుకుని పైకి లేస్తాడు.

బొమ్మ అదే. బరువు అదే. నీళ్ళూ అవే. గుర్తొచ్చిన మనిషి మారాడు. దాంతో లేచిన మనిషీ మారిపోయాడు.

1966లో లేచినవాడు బాకీ తీర్చుకోవడానికి లేచాడు. చెయ్యి అడ్డం పెడితే ఆగిపోయే దొంగని నాకెందుకులే అని వదిలేశాడు, ఆ దొంగే పెంచిన తండ్రిని కాల్చి చంపాడు. ఆ బాకీ తీరేది కాదు, అయినా తీరుస్తూనే ఉంటాడు. 2017లో లేచినవాడు తన విలువ రుజువు చేసుకోవడానికి లేచాడు. గొప్ప గురువు మెప్పు కోసం, నేనూ ఒక మనిషినే అని తనకి తాను చెప్పుకోవడం కోసం. అది చెడ్డ కథేం కాదు, మంచి కథే. ఏ ఊళ్ళో ఏ పిల్లాడికైనా అతుకుతుంది. కానీ అది స్పైడర్‌మ్యాన్ కథ కాదు. ఒకడు అపరాధంలోంచి పుట్టాడు, రెండోవాడు ఆశలోంచి పుట్టాడు. పేరూ మాస్కూ ఒకటైనంత మాత్రాన ఇద్దరూ ఒకరు కారు.

నేనీ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు 2016 నాటి సివిల్ వార్ సినిమా గుర్తుచేస్తారు. అందులో కుర్రాడు టోనీతో, చెయ్యగలిగీ చెయ్యకపోతే, ఆ తర్వాత ఏదైనా చెడు జరిగితే అది మనవల్ల జరిగినట్టే అంటాడు. నిజమే, ఆ రెండు ముక్కల్లో బెన్ ఉన్నాడు, పేరు లేకుండా. తర్వాత రెండు సినిమాల నిండా ఆ మాటకి జవాబుదారీ లేదు. సూట్ టోనీ ఇచ్చింది. విమానం టోనీది. కళ్ళజోడు టోనీది. కామిక్స్‌లో పీటర్‌కి సూట్ ఎవరూ ఇవ్వలేదు, చిరిగితే సూది దారం తీసుకుని తనే కుట్టుకునేవాడు. నో వే హోమ్ చివర్లో, 2021లో, లోకమంతా అతన్ని మర్చిపోయాక చిన్న అద్దెగదిలోకి దిగి తన సూట్ తనే కుట్టుకుంటాడు. అది ఆరో సినిమా. ఆ కుట్టుమిషను చూసినప్పుడు నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి. ఆ సినిమాలో ఆంట్ మే పోతూ ఆ బాధ్యత మాట చెప్పి పోతుంది. బెన్ చావు బరువు ఆమె చావుతో వేశారు. ఆలస్యంగానైనా వేశారు. దాన్ని నేను కాదనను.

ఆ మాట సంగతి ఇక్కడే చెప్పాలి. గొప్ప శక్తి వెంట గొప్ప బాధ్యత వస్తుందన్నది బెన్ చెప్పిన మాటని అందరూ అనుకుంటారు. 1962 ఆగస్టు నాటి మొదటి కథలో బెన్ ఆ మాట అననే లేదు. పీటర్ తల వంచుకుని చీకట్లోకి నడిచి వెళ్ళిపోయే ఆఖరి బొమ్మ మీద కథ చెప్పే గొంతు రాసిన వాక్యం అది. తర్వాత తర్వాత దాన్ని బెన్ నోట పెట్టారు. 2002 సినిమాలో బెన్ కారులో కూర్చుని ఆ మాట చెబుతాడు, కొత్త తరానికి అదే అసలైపోయింది. మార్పే. నాకు ఒక్క ఇసుమంత కూడా అభ్యంతరం లేదు. చెప్పిన నోరు మారినా, మోయాల్సినవాడు మారలేదు.

అదే 2002 సినిమా మీద నిప్పులు కురిపించింది ఇంకో మార్పుకి. కామిక్స్‌లో సాలెదారం విసిరే యంత్రాలు పీటర్ తనే తయారుచేసుకుంటాడు. శామ్ రెయిమీ సినిమాలో దారం మణికట్టులోంచే వస్తుంది. అభిమానులు భగ్గుమన్నారు. వాళ్ళ బాధలో న్యాయం ఉంది. ఆ యంత్రం పీటర్ బుర్రకి గుర్తు, పైగా సరిగ్గా అవసరమైన సమయంలో దారం అయిపోయి కథకి ఉక్కిరిబిక్కిరి తెచ్చేది. రెయిమీ ఆ పోయినదానికి బదులు ఏం చేశాడో 2004లో రెండో సినిమాలో కనబడింది. పీటర్ మనసు రెండుగా చీలినప్పుడు దారం రావడం ఆగిపోతుంది. గాల్లోంచి సందులోకి పడతాడు. పిజ్జా వేళకి అందించలేక ఉద్యోగం పోతుంది, ఇంటాయన అద్దె కోసం గుమ్మంలో నిలబడతాడు, ఇష్టపడ్డ అమ్మాయి నాటకానికి ఆలస్యంగా వెళ్తే లోపలికి రానివ్వరు. ఓ రాత్రి సందులో చెత్తడబ్బాలో సూట్ పడేసి వెళ్ళిపోతాడు. ఆ దృశ్యం 1967 నాటి 50వ సంచికలో జాన్ రొమీటా వేసిన బొమ్మే, సినిమాలో కదిలింది. ఇందులో వీపు మీద బరువు ప్రతి సీనులో ఉంది. రైలు ఆపి పడిపోయినప్పుడు ప్రయాణికులు అతన్ని తలల మీదుగా చేతులు మార్చుకుంటూ లోపలికి తెచ్చి పడుకోబెడతారు. మాస్కు లేని మొహం చూసి ఓ మనిషి, నా కొడుకు వయసే ఉంటుందే అని ఆశ్చర్యపోతాడు. కామిక్స్‌లో ఆ రైలు లేదు. అయినా 60 ఏళ్ళ కామిక్స్‌లో ఏ పేజీకీ అది పరాయిది కాదు.

విచిత్రమేమిటంటే, ఆ మణికట్టు దారాన్ని 2004లో కామిక్స్ వాళ్ళు కూడా కొంతకాలం తెచ్చిపెట్టుకున్నారు. ఏది అసలు, ఏది నకలు?

ఈ ప్రశ్నని చాలామంది ముగింపు మాటగా వాడతారు. అసలు ప్రతి అంటూ ఏదీ లేదు, కాబట్టి కట్టుబడటం అన్న మాటకే అర్థం లేదు అంటారు. వాళ్ళ చేతిలో సాక్ష్యాలు బలమైనవే. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు క్లీవ్‌లాండ్ కుర్రాళ్ళ సూపర్‌మ్యాన్ మొదటిసారి అచ్చయినప్పుడు అతనికి ఎగరడం రాదు. 20 అంతస్తుల భవనం మీదుగా దూకగలడు, అంతే. ఆ మొదటి కథలో అతను కొట్టింది గ్రహాంతరవాసుల్ని కాదు, పెళ్ళాన్ని కొట్టే మొగుణ్ణి. చేయని నేరానికి మరణశిక్ష అమలు కాబోతున్న ఆడమనిషి కోసం అర్ధరాత్రి గవర్నరు ఇంటి ఉక్కు తలుపు విరగ్గొట్టాడు. రేడియో నాటకాలు, 1941లో మొదలైన కార్టూన్ సినిమాలు వచ్చాకే ఎగరడం స్థిరపడింది. అతన్ని పడగొట్టే క్రిప్టొనైట్ కూడా 1943లో రేడియోలో పుట్టి, ఆరేళ్ళకి గానీ కామిక్స్‌లోకి రాలేదు. బ్యాట్‌మ్యాన్ సంగతి ఇంకా తేడా. 1939 మొదటి కథలోనే ఒకణ్ణి గుద్దితే వాడు ఆసిడ్ తొట్టిలో పడి చస్తాడు, ఇలాంటివాడికి తగిన చావే అని వెళ్ళిపోతాడు. తొలి రోజుల్లో తుపాకీ కూడా పట్టాడు. 1940లో ఎడిటర్లు ఇక చాలు అని గీత గీశాకే చంపని బ్యాట్‌మ్యాన్ పుట్టాడు.

ఇవన్నీ నిజాలే. అయినా ముగింపు తప్పు. తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు, ఆమె పెళ్ళి గొడవ లేదు, ఘటోత్కచుడు విడిదింట్లో చేసిన అల్లరి లేదు. 1957లో మాయాబజార్ అదంతా తెరకెక్కిస్తే ఇది భారతం కాదన్నవాళ్ళెవరు? కృష్ణుడు కృష్ణుడిలాగే నవ్వాడు, తెలిసీ తెలియనట్టున్నాడు, నమ్మినవాళ్ళ పక్షాన నిలబడ్డాడు. అదే ఏదో సినిమాలో ద్రౌపది పిలిస్తే కృష్ణుడు తనకెందుకని ఊరుకుంటే, ఆ దృశ్యానికి ఎన్ని శ్లోకాలు జోడించినా హాల్లో జనం ఒప్పుకోరు. కథ వేరు, స్వభావం వేరు. కథ వందమంది చేతుల్లో వంద రకాలుగా పెరుగుతుంది. స్వభావం నెమ్మదిగా, చాలామంది నమ్మకంతో గట్టిపడుతుంది. 1940 గీత ఒక ఎడిటర్ ఆదేశమే అయినా, ఆ తర్వాత 80 ఏళ్ళు దాన్ని వందలమంది రచయితలు మోశారు. తల్లిదండ్రుల్ని తుపాకీ మింగిన పిల్లాడు తుపాకీ ముట్టడు. ఇంతకన్నా బలమైన ఆలోచన బ్యాట్‌మ్యాన్‌కి ఎవరూ ఇవ్వలేదు. 2016లో బ్యాట్‌మ్యాన్ సూపర్‌మ్యాన్‌తో తలపడ్డ సినిమాలో అతని బండి తుపాకులతో మనుషుల్ని చంపుకుంటూ పోతుంటే, 1939లో కూడా చంపాడుగా అనడం జవాబు కాదు. ఆ 1939 పిల్లాడికి ఇంకా నడక రాలేదు.

ఇక సూపర్‌మ్యాన్. 2013 మ్యాన్ ఆఫ్ స్టీల్ చివర్లో అతను విలన్ జోడ్ మెడ విరిచేస్తాడు. సూపర్‌మ్యాన్ చంపడు అని గొడవ. కానీ కామిక్స్‌లోనూ ఒకసారి చంపాడు. 1988లో జాన్ బర్న్ రాసి గీసిన కథలో, ఒక లోకాన్నే నాశనం చేసిన ముగ్గురు నేరస్తుల్ని, అందులో ఒకడు జోడే, క్రిప్టొనైట్‌తో తనే చంపాడు. అయితే సినిమా కట్టుబడినట్టేనా?

కాదు. ఎందుకో ఆ తర్వాతి సంచికల్లో ఉంది. బర్న్ వెళ్ళిపోయాడు. వచ్చిన రచయితలు ఆ చావుల్ని కింద పెట్టలేదు. సూపర్‌మ్యాన్ నిద్రపోలేడు. మనసు చెదిరి, తనకే తెలియకుండా ఇంకో వేషంలో రాత్రుళ్ళు వీధుల్లో తిరుగుతాడు. అది బయటపడ్డాక నావల్ల భూమికి ప్రమాదం అని తనకి తానే శిక్ష వేసుకుని అంతరిక్షంలోకి వెళ్ళిపోతాడు. నెలల తరబడి నడిచిన కథ. సినిమాలో మెడ విరిచాక అతను ఒక్క కేక పెడతాడు, మోకాళ్ళ మీద కూలిపోతాడు, ప్రేయసి లోయిస్ దగ్గరికి తీసుకుంటుంది. ఆ కేకలో నిజం ఉంది, నేను హాల్లో నిశ్చేష్టుణ్ణైపోయాను. మరుసటి దృశ్యంలోనే సైన్యం డ్రోన్‌ని కూల్చి జనరల్ ముందు పడేసి నవ్వుతూ మాట్లాడుతుంటాడు, పక్కనున్న అధికారిణి అతని అందం గురించి ఓ ముక్క అంటుంది. హాలంతా నవ్వింది. నా గొంతులో ఆ కేక ఇంకా అలాగే ఉంది. చంపడం నేను క్షమించగలను. చంపి ఊరుకోవడం సూపర్‌మ్యాన్ స్వభావం కాదు.

2025లో జేమ్స్ గన్ సూపర్‌మ్యాన్ తీస్తూ ఇంకో పెద్ద మార్పు చేశాడు. కన్న తల్లిదండ్రులు పంపిన సందేశంలో సగం వినబడక, మంచి సగమే విని పెరిగిన బిడ్డకి మిగతా సగంలో ఆ జనాన్ని ఏలుకో అని ఉందని తెలుస్తుంది. దశాబ్దాలుగా మనకి తెలిసిన కన్నతండ్రి జోర్-ఎల్ మీద ఇది పెద్ద దెబ్బే, నొచ్చుకున్నవాళ్ళని నేను తప్పుపట్టను. అదే సినిమాలో, నగరం మధ్యలో కొండంత జంతువుతో పోరాడుతూ, సూపర్‌మ్యాన్ ఒక ఉడతని దాని కాలికింద నుంచి తప్పించి పక్కన పెడతాడు. ఒకటి రెండు క్షణాల సంగతి. నా పక్కన మా మేనల్లుడు "ఉడత మామయ్యా!" అని సీట్లోంచి లేచాడు. నేను ఆ తల్లిదండ్రుల సంగతి అక్కడికక్కడే వదిలేశాను.

ఉన్నది ఉన్నట్టు దింపడమే కట్టుబడటం అనుకునేవాళ్ళు వాచ్‌మెన్‌ని చూడాలి. అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ 1986, 87 సంవత్సరాల్లో 12 సంచికలుగా వేసిన కథని 2009లో జాక్ స్నైడర్ పెట్టెకి పెట్టె పక్కన పెట్టుకుని తీశాడు. మూర్ తన పేరు వెయ్యనివ్వలేదు. చివర్లో వచ్చే భారీ జంతువుని మార్చారని అందరూ దాని మీదే పడ్డారు. నాకు బాధ కలిగించింది వేరే చోటు. ఒక సందులో రౌడీలు ఒకప్పటి ముసుగు వీరులు డాన్‌నీ లోరీనీ చుట్టుముడతారు. కామిక్‌లో వాళ్ళు మధ్యవయసులోకి వచ్చినవాళ్ళు, డాన్‌కి పొట్ట వచ్చింది, వేషాలు వదిలేసి ఏళ్ళయింది. కొట్టేసరికి ఇద్దరికీ రొప్పు. గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. సినిమాలో అదే సందు, అదే గుంపు. కానీ వేగం తగ్గించి చూపించిన దెబ్బలు, చర్మం చీల్చుకు బయటికొచ్చిన ఎముక, కంఠంలో దిగిన కత్తి. వాళ్ళకి ఏ శక్తులూ లేవన్నది కథకి ప్రాణం, సినిమాలో వాళ్ళు యోధులైపోయారు. ప్రతి పెట్టె సరిగ్గా ఉంది. మనుషులు లేరు.

కట్టుబడకపోవడమే న్యాయమైన చోట్లూ ఉన్నాయి. షాంగ్-చీ 1973లో పుట్టినప్పుడు అతని తండ్రి ఫూ మాంచూ. చైనావాళ్ళంటే కుట్రలు పన్నే గోళ్ళ రాక్షసులని పాశ్చాత్య నవలలు చేసిన ప్రచారానికి పరాకాష్ఠ ఆ పాత్ర. ఆ కామిక్స్‌లో చైనా మొహాలకి ఏ మనిషికీ ఉండని పసుపు రంగు పూసేవాళ్ళు. 2021 సినిమా ఆ తండ్రిని తీసేసి, టోనీ ల్యూంగ్‌తో వెన్‌వూ అనే కొత్త మనిషిని కట్టింది. భార్య చావుని ఒప్పుకోలేని, కొడుకుని ఆయుధంగా పెంచిన తండ్రి. తండ్రిని ప్రేమిస్తూనే ఎదిరించాల్సిన కొడుకన్నది కామిక్స్‌లో ఉన్న ముడే, ఆ ముడి మిగిలింది, విషం పోయింది. ఇక్కడ పాతదానికి కట్టుబడి ఉండమని అడగడానికి నాకు నోరు రాదు.

ఈ గొడవల్లో మనం ఎప్పుడూ మర్చిపోయే మనుషులు ఇంకొందరున్నారు. సీగెల్, షుస్టర్ సూపర్‌మ్యాన్ హక్కుల్ని 130 డాలర్లకి అమ్ముకున్నారు. కోట్లు గడించిన ఆ పాత్ర మీద వాళ్ళ పేరు కూడా తీసేశారు. షుస్టర్ చూపు మందగించి పార్సిళ్ళు మోసుకుంటూ బతికిన రోజులున్నాయి. 1975లో, సూపర్‌మ్యాన్ మీద పెద్ద సినిమా రాబోతోందన్నప్పుడు సీగెల్ పత్రికలకెక్కితే గానీ ఏడాదికి 20,000 డాలర్ల పింఛనూ, పేరూ దక్కలేదు. బ్యాట్‌మ్యాన్‌ది ఇంకా ఘోరం. బాబ్ కేన్ మొదట గీసింది ఎర్ర బట్టల్లో, గట్టి రెక్కలు కట్టుకున్న మనిషిని. రెక్కల బదులు వీపున వేలాడే కేప్, గబ్బిలం చెవుల మాస్కు, బూడిద రంగు, బ్రూస్ వేన్ అనే పేరు, ఇవి బిల్ ఫింగర్ ఆలోచనలు. ఫింగర్ 1974లో పోయాడు. ఆయన పేరు అధికారికంగా తెర మీదికి వచ్చింది 2015లోనే. సూట్‌లో చిన్న గీత మారితే పిటిషన్లు పెట్టే మనం, సుమారు 75 ఏళ్ళు ఆ పేరు లేకపోతే ఎందుకు ఊరుకున్నామో నాకు అర్థం కాదు. కట్టుబడాల్సింది పాత్రకి మాత్రమేనా?

ఆ నెల చివర్లో, మేనల్లుడు ఊరెళ్ళే ముందు రోజు, అటక మీంచి ఆ అట్ట లేని పుస్తకం దించాను. దుమ్ము దులిపి 33వ సంచిక తీసి వాడి ముందు పెట్టాను. రంగుల్లేవని ముందు మూతి ముడిచాడు. తర్వాత బోర్లా పడుకుని చదవడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లో నీళ్ళు తాగి వచ్చేసరికి వేలితో ఒక పెట్టె మీద నొక్కి పట్టుకుని ఉన్నాడు.

"ఇది హోమ్‌కమింగ్ సీనే కదా మామయ్యా. మరి ఈయనెవరు?"

వేలి కింద పొగలో తేలుతున్న ముసలి ముఖం.

"చదువు" అన్నాను.

చదివాడు. పెదాలు కదులుతున్నాయి. పేజీ అయిపోయింది. తర్వాతి పేజీలో యంత్రం లేస్తుందని నాకు తెలుసు, వాడికీ తెలుసు. వాడు తిప్పలేదు. వెనక్కి, బెన్ ముఖం ఉన్న పెట్టె దగ్గరికే మళ్ళీ వెళ్ళాడు.